వెనక్కి తీసుకున్న ఉత్తరం

కాలిఫోర్నియాలో సైకాలజిస్టుగానో కౌన్సిలర్‌గానో లైసెన్సు తెచ్చుకోవాలనుకునే వాళ్ళందరూ తప్పనిసరిగా చదివే కేసు ఒకటుంది. దాని పేరు టారసాఫ్. అది హత్యకి గురైన ఒక అమ్మాయి ఇంటిపేరు. ఈ దేశంలో మనోవైద్యం చేసేవాళ్ళ మధ్య అదిప్పుడు మనిషి పేరుగా మిగల్లేదు, ఒక నియమం పేరైపోయింది. ఆ అమ్మాయిని చంపినవాడి పేరు మాత్రం ఎవరికీ అంతగా గుర్తుండదు. ప్రసేన్‌జిత్ పొద్దార్. బెంగాల్ నుంచి బర్క్లీకి ఓడల నిర్మాణం చదవడానికి వచ్చిన కుర్రాడు. మనసు బాగాలేని విద్యార్థి వల్ల ప్రమాదం ఉందని తెలిసినప్పుడు కాలేజీ ఏం చెయ్యాలి అనే ప్రశ్నని అమెరికన్ చట్టం ముందు మొదటిసారి గట్టిగా నిలబెట్టింది మన దేశం నుంచి వచ్చిన విద్యార్థి కేసే అని మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపి తనూ చచ్చిపోయాక, నేనెరిగిన తెలుగు ఇళ్ళల్లో కొన్నాళ్ళపాటు అదే మాట. “అలాంటివాడని ముందే తెలుసట కదా, మరి కాలేజీ వాళ్ళు ఏం చేస్తున్నట్టు?” అడిగిన వాళ్ళలో చాలామందికి కాలేజీ ఈడు పిల్లలున్నారు. కొందరికి ఇండియా నుంచి అప్పుడే ఎమ్మెస్ చెయ్యడానికి వచ్చిన మేనల్లుళ్ళూ తమ్ముళ్ళూ ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి జవాబు ఆ ఏప్రిల్ నెలలో దొరకదు, చాలా వెనక్కి వెళ్ళాలి.

ఒకప్పుడు ఇక్కడ కాలేజీ అంటే తల్లిదండ్రుల స్థానంలో ఉన్న సంస్థ. 1913లో కెంటకీలో బెరియా కాలేజీ తన విద్యార్థులు ఊళ్ళో బయటి హోటళ్ళకి వెళ్ళకూడదని నిషేధం పెడితే, బేరం పోయిన ఒక హోటలాయన కోర్టుకెక్కి ఓడిపోయాడు. పిల్లల మంచిచెడ్డల విషయంలో తండ్రికెంత అధికారమో కాలేజీకీ అంతే అంది కోర్టు. మన వైపు కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ళు చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. 1960లో అలబామాలో నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ళ భోజనశాలలో కూర్చుని నిరసన తెలిపితే వాళ్ళ కాలేజీ వాళ్ళని నోటీసైనా లేకుండా గెంటేసింది. 1961లో ఫెడరల్ అప్పీలు కోర్టు అలా కుదరదంది. ఆ తీర్పుతో కాలేజీ తండ్రి పాత్రకి చెల్లుచీటీ పడింది. ఆ పదేళ్ళకి ఓటు హక్కు వయసు పద్దెనిమిదికి దిగింది. 1974లో విద్యార్థి రికార్డుల గోప్యత చట్టం వచ్చింది. దాన్ని అందరూ ఫెర్పా అంటారు. కాలేజీలో చేరిన పిల్లవాడి మార్కులు కూడా అతని అనుమతి లేకుండా నాన్నకి చెప్పాల్సిన పని లేదు. ఇదంతా స్వేచ్ఛ వైపు నడకే, నాకేం ఫిర్యాదు లేదు. అయితే అధికారం వదిలేసిన కాలేజీలు దాంతోపాటే బాధ్యత కూడా వదిలేసుకున్నాయి. విద్యార్థుల క్షేమానికి కాలేజీ హామీదారు కాదని కోర్టులు కూడా వంతపాడాయి.

ఈ మార్పు జరుగుతున్న రోజుల్లోనే టెక్సాస్‌లో ఒక సంగతి జరిగింది. 1966 మార్చి 29న చార్లెస్ విట్మన్ అనే విద్యార్థి ఆస్టిన్‌లో యూనివర్సిటీ ఆసుపత్రికి వెళ్ళి, అక్కడి మనోవైద్యుడు మారిస్ హీట్లీతో తన బాధలన్నీ చెప్పుకున్నాడు. తుపాకీ పట్టుకుని క్యాంపస్ టవరెక్కి జనాన్ని కాల్చాలనిపిస్తోందని కూడా చెప్పాడు. డాక్టరు ఆ మాట తన నోట్సులో రాసుకున్నాడు. వారం తర్వాత రమ్మన్నాడు. అతను రాలేదు. ఆగస్టు 1న తల్లినీ భార్యనీ చంపి, ఆ టవరే ఎక్కి, గంటన్నరపాటు కాల్చాడు. పదిమందికి పైగా పోయారు. ఆ టవరు మీద నుంచి ఏదో చేస్తామని చాలామంది విద్యార్థులు అంటూనే ఉంటారని డాక్టరు తర్వాత విలేకరులకి చెప్పాడు. అది అబద్ధమని నేననుకోను. రోజూ పదిమంది నోట వినే మాటల్లో నిజమైనది ఏదో గుర్తుపట్టడం దైవజ్ఞులకే సాధ్యం. కానీ రాసుకున్న కాగితం సొరుగులో ఉండిపోయింది, అదీ విషయం.

ఇంక బర్క్లీ.

పొద్దార్ 1967 సెప్టెంబరులో అక్కడ చేరాడు. కాలిఫోర్నియా సుప్రీం కోర్టు అతని గురించి చెప్పడం మొదలుపెడుతూనే, భారతదేశంలో హరిజన కులంలో పుట్టాడని రాసింది. ఎక్కడో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చైన తీర్పులో ఆ మాట కనిపించేసరికి నేను కాసేపు ముందుకి చదవలేకపోయాను. ఆ రోజుల్లో అలాంటి ఇంటి నుంచి బర్క్లీ దాకా రావాలంటే ఒక కుర్రాడు ఎన్ని గడపల దగ్గర ఆగి ఉంటాడో, వెనక ఎంతమంది ఆశలు మూటగట్టి పంపి ఉంటారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కోర్టుకి మాత్రం అదొక చిన్న వివరం.

అతను ఇంటర్నేషనల్ హౌస్‌లో దిగాడు. 1968 చివర్లో అక్కడ జానపద నృత్యాల క్లాసులో టటియానా టారసాఫ్ పరిచయమైంది. వారం వారం కలుసుకునేవాళ్ళు. ఆ ఏడాది చివరి రాత్రి ఆమె అతన్ని ముద్దు పెట్టుకుంది. కొత్త సంవత్సరం రాత్రి ముద్దంటే ఇక్కడ పండగ పలకరింపు లాంటిది. అతనికి అది దాదాపు పెళ్ళిమాటే అయింది. సంగతి అర్థమయ్యాక ఆమె స్పష్టంగానే చెప్పింది, తనకి వేరే స్నేహితులున్నారని, అతనితో అలాంటి బంధం తనకి అక్కర్లేదని. మన సినిమాల్లో అయితే ఇంటర్వెల్ తర్వాత అమ్మాయి మనసు మారాలి. ఆ ఊహ తలకెక్కించుకున్న కుర్రాళ్ళని మనం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

పొద్దార్ మనిషి పాడైపోయాడు. చదువు పక్కన పెట్టాడు, తిండీ బట్టా పట్టించుకోవడం మానేశాడు, ఒక్కడే కూర్చుని ఏడ్చేవాడు. ఆమెతో మాట్లాడిన మాటలు రహస్యంగా టేపు చేసుకుని, తనని ఎందుకు ప్రేమించడంలేదో తెలుస్తుందేమోనని మళ్ళీ మళ్ళీ వినేవాడు. 1969 వేసవిలో ఆమె బ్రెజిల్ వెళ్ళింది. ఆ తర్వాత కాస్త తేరుకున్నాడు. ఒక స్నేహితుడు చెబితే యూనివర్సిటీ వారి కావెల్ ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ అతన్ని చూసినవాడు లారెన్స్ మూర్ అనే సైకాలజిస్టు.

ఆగస్టు 20న పొద్దార్ మూర్‌తో ఒక అమ్మాయిని చంపుతానని చెప్పాడు. పేరు చెప్పలేదు. కానీ అది ఎవరో పోల్చుకోవడం కష్టమేమీ కాదు. మూర్ దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. పై డాక్టర్లతో మాట్లాడి, అతన్ని ఆసుపత్రిలో పెట్టి పరీక్షించాలని నిర్ణయించి, క్యాంపస్ పోలీసులకి ముందు నోటిమాటగా, తర్వాత ఉత్తరం రూపంలో తెలియజేశాడు. మనోవ్యాధి ఉన్నవాళ్ళని బలవంతంగా బంధించడం మీద ఆంక్షలు పెట్టి, ప్రమాదం ఉందనుకుంటే 72 గంటలపాటు పరీక్ష కోసం ఉంచుకోవచ్చన్న కొత్త చట్టం కాలిఫోర్నియాలో ఆ జూలైలోనే అమల్లోకి వచ్చింది. మూర్ అడిగింది ఆ 72 గంటలే.

పోలీసులు వెళ్ళారు. అతనితో మాట్లాడారు. అతను చక్కగా, శాంతంగా జవాబులు చెప్పాడు. ఆ అమ్మాయి జోలికి పోనని మాటిచ్చాడు. వదిలేశారు.

తర్వాత జరిగిందే ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది. ఆసుపత్రిలో మనోవైద్య విభాగానికి పెద్ద డాక్టర్ హార్వే పావెల్సన్. ఆయన పోలీసులకి పంపిన ఉత్తరాన్ని వెనక్కి తెప్పించాడు. ఆ ఉత్తరం నకళ్ళూ, మూర్ రాసుకున్న నోట్సూ నాశనం చెయ్యమన్నాడు. పొద్దార్‌ని 72 గంటల పరీక్షకి పంపే ప్రయత్నమేదీ చెయ్యొద్దన్నాడు.

పొద్దార్ ఇంక వైద్యానికి రాలేదు. రావాలని ఎందుకనిపిస్తుంది? నమ్మి చెప్పుకున్న మాట పోలీసుల్ని గుమ్మంలోకి తెచ్చింది. అతను ఊరికే కూర్చోలేదు, టటియానా ఇంటికి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంటు తీసుకున్నాడు. దాంట్లో తనతో కలిసి ఉండమని ఎవర్ని ఒప్పించాడో తెలుసా? టటియానా తమ్ముడో అన్నో, ఆమె తోడబుట్టినవాడిని. ఆ అబ్బాయికి ఎవరూ ఏమీ చెప్పలేదు. తల్లిదండ్రులకి చెప్పలేదు. బ్రెజిల్ నుంచి తిరిగొచ్చిన ఆ పిల్లకీ చెప్పలేదు. యూనివర్సిటీ డాక్టర్లకి తెలుసు, పోలీసులకి తెలుసు. తెలియనిది చావబోయే మనిషికీ ఆమె ఇంటికీ మాత్రమే.

1969 అక్టోబరు 27న పొద్దార్ వాళ్ళింటికి వెళ్ళాడు. ఆమె మాట్లాడనంది. పెల్లెట్ గన్‌తో కాల్చి, పరిగెడితే వెంటాడి కత్తితో పొడిచి చంపాడు. మళ్ళీ ఆమె ఇంటికే వెళ్ళి తనే పోలీసులకి ఫోన్ చేశాడు. అతనికి పారనాయిడ్ స్కిజోఫ్రేనియా ఉందని విచారణలో మనోవైద్యులు చెప్పారు. రెండో డిగ్రీ హత్య కింద శిక్ష పడింది. 1974లో జడ్జి జ్యూరీకి సరైన సూచనలివ్వలేదన్న కారణం మీద ఆ తీర్పు కొట్టేశారు. మళ్ళీ విచారణ పెట్టడం మాని, దేశం విడిచి వెళ్ళిపోవాలన్న షరతు మీద వదిలేశారు. అతను ఇండియా వెళ్ళిపోయాడు.

టటియానా తల్లిదండ్రులు యూనివర్సిటీ మీదా డాక్టర్ల మీదా పోలీసుల మీదా దావా వేశారు. కింది కోర్టుల్లో ఓడిపోయారు. పేషెంటుకి డాక్టరు బాధ్యుడు గానీ, తన పేషెంటు కాని ఎవరో అమ్మాయికి బాధ్యుడెలా అవుతాడు? అది అప్పటిదాకా ఉన్న న్యాయం. 1974 డిసెంబరులో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ అమ్మాయిని హెచ్చరించి ఉండాల్సిందని చెప్పింది. మనోవైద్యుల సంఘాలు ఒక్కసారిగా గోలపెట్టాయి: రహస్యం ఉండదంటే మా దగ్గరికి ఎవరొస్తారు, ప్రమాదం వచ్చేదీ రానిదీ మేమెలా చెప్పగలం అని. కోర్టు మళ్ళీ విచారించడానికి ఒప్పుకుంది. 1976 జూలై 1న జస్టిస్ మాథ్యూ టోబ్రినర్ రాసిన రెండో తీర్పులో ‘హెచ్చరించడం’ బదులు ‘కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకోవడం’ అని వచ్చింది. హెచ్చరించవచ్చు, పోలీసులకి చెప్పవచ్చు, మరోటి చెయ్యవచ్చు, ఊరుకోవడం మాత్రం కుదరదు. ఇతరుల ప్రాణానికి ప్రమాదం మొదలయ్యే చోట రహస్యానికి ఉన్న రక్ష ఆగిపోతుందన్నారాయన. పోలీసుల్ని మాత్రం కేసులోంచి వదిలేశారు. చివరికి యూనివర్సిటీ డబ్బు ఇచ్చి రాజీ చేసుకుంది.

ఇది దేశమంతా ఒకే చట్టం అనుకోకండి. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. మన పిల్లలు వేలల్లో చదివే టెక్సాస్‌లో అయితే అక్కడి సుప్రీం కోర్టు 1999లో అలాంటి బాధ్యత డాక్టర్ల మీద పెట్టడానికి ఒప్పుకోలేదు. పోలీసులకి చెప్పడానికి డాక్టరుకి అనుమతి ఉంది, చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు.

టారసాఫ్ తీర్పు మంచిదే. అయినా దానిలో నాకో లోటు కనిపిస్తుంది. అది డాక్టరు తలుపు దగ్గరే ఆగిపోయింది. బర్క్లీలో అసలు పాడైంది డాక్టరు కళ్ళు కాదు. మూర్ చూడాల్సింది చూశాడు, రాయాల్సింది రాశాడు. పాడైంది అతని చేతి నుంచి మాట ఇంకో చేతికి వెళ్ళే దారి. పోలీసులకి పదినిమిషాలు బాగా మాట్లాడిన మనిషి కనిపించాడు. పై అధికారికి సంస్థ పద్ధతి కనిపించింది. మొత్తం మనిషి ఎవరికీ కనిపించలేదు. కోర్టు తప్పెవరిదని అడుగుతుంది, అది దాని పని. కాలేజీ అడగాల్సిన ప్రశ్న వేరు: ఎవరికి ఏ ముక్క తెలుసు, ఆ ముక్కలు ఒక బల్ల మీదకి ఎప్పుడు వస్తాయి? దాదాపు నలభై ఏళ్ళపాటు ఎవరూ దీన్ని గట్టిగా అడగలేదు. అందుకే వర్జీనియా.

సియుంగ్ హుయి చో అనే విద్యార్థి గురించి ఎవరెవరికి ఏం తెలుసో గవర్నర్ టిమ్ కెయిన్ వేసిన సంఘం 2007 ఆగస్టులో పుస్తకమంత నివేదిక ఇచ్చింది. చిన్నప్పుడు అతను స్కూల్లో నోరు తెరిచేవాడు కాదు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ స్కూళ్ళు దాన్ని జబ్బుగా గుర్తించి, వైద్యం ఏర్పాటుచేసి, క్లాసులో సర్దుబాట్లు చేశాయి. కాలేజీకి వెళ్ళేటప్పుడు ఆ ఫైలు అతనితో వెళ్ళలేదు. 2005లో ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లో కవయిత్రి నికీ జొవానీ అతను తన క్లాసులో ఉంటే తను పాఠం చెప్పనంది. డిపార్ట్‌మెంటు పెద్ద లూసిండా రాయ్ అతనికి తనే విడిగా పాఠం చెబుతూ, కౌన్సిలింగ్ వాళ్ళకీ డీన్ ఆఫీసుకీ పోలీసులకీ తన భయం చెప్పింది. అదే రోజుల్లో ఇద్దరు అమ్మాయిలు అతను విసిగిస్తున్నాడని క్యాంపస్ పోలీసులకి ఫిర్యాదు చేశారు. డిసెంబరు 13న పోలీసులు హెచ్చరించి వెళ్ళాక, చచ్చిపోతానన్న అర్థం వచ్చేలా రూంమేట్‌కి మెసేజ్ పంపాడు. ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచారు. మర్నాడు జడ్జి ముందు పెడితే, తనకు తాను హాని చేసుకునే ప్రమాదం ఉందని తేల్చి, బయట ఉంటూనే వైద్యం చేయించుకోవాలని ఆయన ఆదేశించాడు. ఆ మధ్యాహ్నం చో క్యాంపస్ కౌన్సిలింగ్ సెంటర్‌కి వెళ్ళాడు కూడా. అంతే. ఆ తర్వాత అతను వచ్చాడా, రాలేదా, రాకపోతే ఎందుకు రాలేదు అని అడిగినవాళ్ళు లేరు. జడ్జి ఆదేశాన్ని అమలుచేసే పని ఎవరిదో ఎవరూ అనుకోలేదు. కౌన్సిలింగ్ సెంటర్లో అతని రికార్డులు సంఘానికి దొరకనే లేదు. రెండేళ్ళ తర్వాత, 2009లో, ఆ సెంటర్‌కి అంతకుముందు డైరెక్టరుగా చేసినాయన ఇంట్లో బయటపడ్డాయి. మళ్ళీ కాగితమే!

2007 ఫిబ్రవరి, మార్చి నెలల్లో చో రెండు తుపాకులు కొనుక్కున్నాడు. జడ్జి ఆదేశం ఉన్న మనిషికి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ అమ్మకూడదు. కానీ ఆసుపత్రిలో పెట్టమన్న ఆదేశాల్నే వర్జీనియా పై లిస్టుకి పంపేది, బయట ఉంటూ వైద్యం చేయించుకోమన్న వాటిని పంపేది కాదు. నేను బతుకుతెరువుకి చేసే పని రెండు కంపెనీల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చెయ్యడం. ఒకే మనిషి నాలుగు చోట్ల నాలుగు పేర్లతో ఉండటం రోజూ చూస్తాను. మా దగ్గర దాని ఫలితం ఒక బిల్లు రెండుసార్లు వెళ్ళడం. ఇక్కడ ఫలితం నోరిస్ హాల్. అక్కడ 206 నంబరు గదిలో ఆ పొద్దున జలవనరుల పాఠం చెబుతున్న ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ తమిళనాడులోని గోబిచెట్టిపాళయం నుంచి వచ్చినవారు. ఆయనా పోయారు, ఆయన క్లాసులో కూర్చున్న ముంబయి అమ్మాయి ఒకామె కూడా పోయింది.

మరి ఇన్ని తెలిసినవాళ్ళు ఒకరికొకరు ఎందుకు చెప్పుకోలేదు? అందరి నోటా ఒకటే మాట: ఫెర్పా ఒప్పుకోదు. సంఘం ఈ మాటని శ్రద్ధగా పరిశీలించి అది చాలావరకు అపోహేనని తేల్చింది. ఆ చట్టం కాపాడేది కాలేజీ దాచే రికార్డుల్ని. టీచరు తన కళ్ళతో చూసింది, చెవులతో విన్నది రికార్డు కాదు, దాన్ని ఎవరికైనా చెప్పుకోవచ్చు. క్యాంపస్ పోలీసుల కాగితాలు దాని కిందికి రావు. ప్రాణాపాయం ఉంటే తల్లిదండ్రులకీ చెప్పవచ్చని చట్టంలోనే ఉంది. అంటే చట్టం కట్టేసిన చేతులు కొన్నే, మిగిలినవి భయం కట్టేసినవి. పొద్దార్ కాలంలో ఫెర్పా లేనే లేదని గుర్తుంచుకోండి. అయినా ఉత్తరం వెనక్కి వచ్చింది.

చో తల్లిదండ్రులు సంఘంతో అన్నమాట నేను మర్చిపోలేను. వాళ్ళకి 2005 డిసెంబరు సంగతి తెలియదు. తెలిసుంటే ఇంటికి తీసుకొచ్చేసి, ఒక సెమిస్టరు పోతే పోయిందని వైద్యం చేయించేవాళ్ళమన్నారు. కొరియా నుంచి వచ్చి కష్టపడి బతికిన మనుషులు. వాళ్ళ మాటలో మన ఇళ్ళల్లో ఏ అమ్మానాన్నా అనని ముక్క ఒక్కటీ లేదు.

ఆ తర్వాత కొంత మారింది. 2008లో వర్జీనియా తన ప్రభుత్వ కాలేజీలన్నిటిలో ప్రమాద సూచనల్ని అంచనా వేసే బృందం తప్పనిసరి చేసింది. డీన్ ఆఫీసు, పోలీసులు, కౌన్సిలింగ్ వాళ్ళు కలిసి ఒక బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు అది. అదే ఏడాది చివర్లో ఫెర్పా నిబంధనలు సడలించి, అత్యవసరమైతే చెప్పినందుకు కాలేజీ భయపడక్కర్లేదని స్పష్టం చేశారు. ఇప్పుడు చాలా క్యాంపస్‌లలో అలాంటి బృందాలున్నాయి. కోర్టులో మాత్రం వర్జీనియా టెక్ మీద గెలిచిన రెండు కుటుంబాలకి ఆ గెలుపు నిలవలేదు. ఆ రోజు ఉదయం విద్యార్థుల్ని హెచ్చరించాల్సిన చట్టబద్ధమైన బాధ్యత యూనివర్సిటీకి లేదని రాష్ట్ర సుప్రీం కోర్టు 2013లో తేల్చేసింది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. బాధ్యత మీద పడుతుందని భయపడ్డ సంస్థకి అన్నిటికన్నా సుళువైన దారి, విద్యార్థిని గేటు బయటికి పంపెయ్యడం. 2004లో వాషింగ్టన్‌లోని జార్జి వాషింగ్టన్ యూనివర్సిటీలో ఒక కుర్రాడు దిగులు ఎక్కువై తనంతట తనే ఆసుపత్రిలో చేరితే, క్యాంపస్‌లోకి అడుగుపెట్టొద్దని కాగితం పంపారు. అతను దావా వేశాడు, 2006లో రాజీ అయింది. సాయం అడిగినందుకు శిక్ష పడుతుందని తెలిస్తే ఇంకెవడు అడుగుతాడు? వర్జీనియాయే 2007లో, ఆత్మహత్యకి ప్రయత్నించాడనో వైద్యం కోరాడనో విద్యార్థిని వెళ్ళగొట్టకూడదని చట్టం చేసింది. మనసు బాగాలేని వాళ్ళలో అత్యధికులు ఎవరికీ హాని చెయ్యరు. చేసుకుంటే తమకి చేసుకుంటారు. వార్తల్లో కనిపించే కొద్దిమందిని చూసి అందర్నీ అనుమానించడం అన్యాయమే కాదు, పనికిరాని పని కూడా.

పైగా బయటికి పంపితే ప్రమాదం పోతుందా? 2010 సెప్టెంబరులో అరిజోనాలో పీమా కమ్యూనిటీ కాలేజీ ఒక విద్యార్థిని సస్పెండ్ చేసి, నీవల్ల ప్రమాదం లేదని డాక్టరు దగ్గర రాయించుకొస్తేనే రమ్మంది. కాలేజీ వరకు అది సురక్షితమైన పనే. 2011 జనవరి 8న టూసాన్‌లో ఒక దుకాణం ముందు కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ తలలో తూటా దిగింది, ఆరుగురు చనిపోయారు. కాల్చింది ఆ విద్యార్థే. 2012లో కొలరాడో యూనివర్సిటీ మనోవైద్యురాలు తన పేషెంటైన విద్యార్థి గురించి క్యాంపస్ పోలీసులకి చెప్పింది, టారసాఫ్ నేర్పిన పాఠం ప్రకారమే. కానీ అప్పటికే అతను చదువు మానేసే పనిలో ఉన్నాడు. మన విద్యార్థి కానివాడి గురించి మనమేం చేస్తాం? జూలై 20న ఆరోరాలో సినిమా హాల్లో పన్నెండుమంది పోయారు.

బర్క్లీతో మొదలైన కథలో ఇంకో అధ్యాయం కూడా కాలిఫోర్నియాలోనే. 2009 అక్టోబరులో యు.సి.ఎల్.ఎ. కెమిస్ట్రీ లాబ్‌లో ఒక విద్యార్థి తన పక్కన పనిచేసుకుంటున్న అమ్మాయిని కత్తితో పొడిచాడు. ఆమె బతికింది. పక్కవాళ్ళు తనని తిడుతున్నట్టు గొంతులు వినిపిస్తున్నాయని అతను అంతకుముందే యూనివర్సిటీ వాళ్ళకి చెబుతూ వచ్చాడు, వైద్యమూ చేశారు. 2018 మార్చిలో రాష్ట్ర సుప్రీం కోర్టు, క్లాసుల్లోనూ దానికి సంబంధించిన పనుల్లోనూ ముందే ఊహించదగిన హింస నుంచి విద్యార్థుల్ని కాపాడే బాధ్యత యూనివర్సిటీకి ఉందని చెప్పింది. టారసాఫ్ డాక్టరు మీద పెట్టిన భారం 42 ఏళ్ళకి కాలేజీ మీదకి వచ్చిందన్నమాట. తండ్రి స్థానం మళ్ళీ ఇవ్వలేదు. తరగతి గది వరకే.

మన దగ్గర ఈ ఆలోచన ఇంకా గడప దాటలేదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే అమ్మాయిల మీద ఒక కుర్రాడు స్నేహితులతో వచ్చి యాసిడ్ పోశాడు. మూడు రోజులకి ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో పోయారు. జనం పోలీసులకి పూలదండలేశారు. ఒక అమ్మాయి ఆ నెలాఖరుకే చనిపోయింది. అప్పుడు సాగిన చర్చంతా పోలీసుల గురించీ ఉరిశిక్ష గురించీ. వెంటపడి వేధించే కుర్రాడి సంగతి కాలేజీ ఎవరికి చెప్పాలి, ఎవరు వినాలి అన్న ప్రశ్న నా చెవిన పడలేదు.

ఇక్కడికొచ్చే మన పిల్లల విషయంలో ఆ ప్రశ్న ఇంకొంచెం ముడిపడి ఉంటుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాడు సెమిస్టరుకి నిండా క్లాసులు తీసుకోవాలి. దిగులుతో మంచం దిగలేని కుర్రాడు క్లాసులు వదిలేస్తే వీసా పోతుందేమోనని భయం, కౌన్సిలర్‌కి చెబితే ఇంటికి పంపించేస్తారేమోనని ఇంకో భయం. మొదటి భయానికి మందుంది. డాక్టరో, లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టో రాసిస్తే, ఇంటర్నేషనల్ ఆఫీసు ముందుగా ఒప్పుకుంటే, మొత్తం మీద పన్నెండు నెలల దాకా క్లాసులు తగ్గించుకోవచ్చు, అవసరమైతే పూర్తిగా మానుకోవచ్చు కూడా. ఈ సంగతి తెలిసిన మన విద్యార్థులు నాకు బహు కొద్దిమందే తగిలారు. ‘పిచ్చి డాక్టరు’ అన్న మాట మన నోట్లోంచి ఇంకా పోలేదు కాబట్టి అడగడానికే సిగ్గు.

తల్లిదండ్రుల సంగతికొస్తే, పిల్లవాణ్ణి తమ మీద ఆధారపడినవాడిగా అమెరికన్ టాక్సు కాగితాల్లో చూపించే అమ్మానాన్నలకి అతని అనుమతి లేకపోయినా కాలేజీ చెప్పవచ్చునని ఫెర్పాలో ఒక వెసులుబాటుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తండ్రి ఇక్కడ టాక్సు కట్టడు కాబట్టి ఆ తలుపు ఆయనకి మూసే ఉంటుంది. మిగిలినవి రెండే దారులు. ప్రాణాపాయం ఉందని కాలేజీ తనంతట తను అనుకోవడం ఒకటి. పిల్లవాడు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, చేరిన మొదటి వారంలోనే, నా సంగతులు ఫలానా వాళ్ళకి చెప్పవచ్చునని సంతకం చేసిపెట్టడం రెండోది. ఇండియాలో అమ్మానాన్నల పేర్లతోపాటు ఇక్కడుండే బాబాయో అక్కో పేరు కూడా రాయవచ్చు. కౌన్సిలింగ్ సెంటర్ రికార్డులకి అది సరిపోదు, అక్కడ వేరే సంతకం కావాలి. ఇలాంటి ఫారం ఉందని అడ్మిషన్ లెటర్లో సాధారణంగా రాయరు. రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే ఇస్తారు.